సున్నాలో మేకు

కొండపిలో పొగాకు వేలం ఇంకా నాలుగు రోజులుందనగా
పాత బోర్డు గీకి, తెల్లరంగు రెండు పూతలేసి
'కేం' దగ్గర ఆగాను.
సున్నా నాకు వట్టి చేత్తో రాదు.
మేకు గుచ్చి, మేకుకి దారం కట్టి,
దారం కొసన పెన్సిల్ ముక్క కట్టి తిప్పాల్సిందే.

నిచ్చెన కింద సైకిలాపి
నతానియేలు అయ్యగారు చూస్తన్నారు.
రామాయపట్నం సెమినరీలో గ్రీకు చదివిన మనిషి.
ఆ భాషలో పలకరించేవాళ్ళు
మా మండలంలో ఎవురూ లేక
బోర్డులతో మాట్లాడతా ఉంటాడు.

"సిలారూ, ఆ మేకు పేరేందో తెలుసా?"
"ఇంచున్నర మేకయ్యగారూ."
"కాదబ్బయ్యా. కెంత్రోన్."

గుచ్చేదీ, పొడిచేదీ. తొలి అర్థం అదేనంట.
గ్రీకు దేశంలో ఎద్దు మొరాయిస్తే
వెనకనించి పొడిచే కర్ర మొన.
తర్వాత ఎవురో లెక్కలాయన
వలయం గీసేప్పుడు కదలకుండా గుచ్చిన కాలుకి
ఆ పేరే పెట్టుకున్నాడు.
కొన్నాళ్ళకి గుచ్చడం పోయి, గుచ్చిన చోటు మిగిలింది.
నక్షత్రాలు లెక్కబెట్టేవాళ్ళ వెంట సముద్రం దాటొచ్చి
మన జోస్యుల పలకల మీద
కేంద్రమని కూర్చుంది.

నిచ్చెన మీదే నవ్వొచ్చింది నాకు.
ముప్పయ్యేళ్ళుగా నేను రాసిందంతా ములుగర్రేనా?
పశువైద్య ములుగర్ర. పోలింగు ములుగర్ర.
ధాన్యం కొనుగోలు ములుగర్ర,
పని వేళలు పది నుంచి అయిదు.

"సొరంగం కూడా వాళ్ళ మాటేరా," అన్నాడు.
"సూరింక్స్. రెల్లుతో చేసిన పిల్లనగ్రోవి."
"సరిపోయిందయ్యగారూ,
వెలిగొండ సొరంగం కాడ బోర్డు రాయడానికి పోయినప్పుడు
లోపల్నించి నీళ్ళు రాలా, గాలే పాడింది."

ఆయన నవ్వలా.
సైకిల్ బెల్లు మీద వేలు పెట్టుకోని, మోగించకుండా,
"మా నాయన రెడ్లకాడ పాలేరు," అన్నాడు.

దారా అంకయ్య. ఒంగోలు గిత్తల జత తోలేవాడు.
ఆసామి గట్టు మీద నిలబడితే
పొడిచినట్టు కనపడాల.
మొన కాడికంటా పట్టుకోని
మొన మీద బొటనవేలు అడ్డం పెట్టి పొడిచేవాడంట.
గిత్తకి తగిలింది వేలు.
వేలుకి తగిలింది మొన.

"సెమినరీలో ఆ మాట కనపడ్డ రోజు
నిఘంటువు మూసేసి బస్సెక్కా.
ఊరు చేరేసరికి పొద్దుగూకింది.
బ్యారన్ కాడ పొయ్యిలోకి కట్టెలు తోస్తన్నాడు నాయన.
ఏందిరా, పరీక్షలన్నావే అన్నాడు.
ఊరికే వచ్చా అన్నా.
పొయ్యి వెలుగులో
ఆయన బొటనవేలు చూశా.
చింతగింజంత కాయ, నల్లగా.
మా అయ్యవారి పుస్తకంలో ఆ అర్థం లేదు."

తర్వాత ఇంకేమీ చెప్పలా.
పెదకండ్లగుంటలో ఎవురిదో పెళ్ళి, ప్రార్థన ఉందంటా
సైకిలెక్కి పోయాడు.

'ద్ర' రాశా. ఎర్రరంగు ఆరిందాకా ఆగి
రెండో సున్నాకి మేకు తీశా.
సుత్తి దెబ్బ వేసేముందు
దాని మొన బొటనవేలితో చూసుకున్నా.
ఇన్నేళ్ళలో ఎప్పుడూ చూసుకోలా.

మామూలుగా అయితే మేకు పీకినాక
బెజ్జానికి పుట్టీ పెట్టి పైన రంగు పూస్తా.
ఈసారి రెండూ అట్నే వదిలేశా.
కిందనించి కనపడవు.

ధర రాని బేళ్ళు ట్రాక్టరుకి మళ్ళీ ఎత్తుకోని
తాడు బిగించడానికి పైకెక్కిన మనిషికి
బోర్డు సరిగ్గా కళ్ళ ఎత్తున ఉంటది.